బాణం మీది మాట

మా కోనసీమలో దేనికైనా ముందు ‘ఆయ్’ అంటాం. అర్థమైనా ఆయ్, కాకపోయినా మర్యాద కొద్దీ ఆయ్. పిల్లలు ‘ఆయ్ మాస్టారండీ’ అనగానే పాఠం తలకెక్కిందనుకుని ఇరవై ఏళ్లు పేజీలు తిప్పేసిన ఘనుణ్ణి నేను.

నిరుడు మా బడికి కొత్తగా జీవశాస్త్రం మేడం గారు వచ్చారు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, జంటకో చార్టూ ఒక్క పెన్సిలూ ఇచ్చేవారు. తెలిసిన విషయాలు సున్నాల్లో రాసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం గీసి, దాని మీద ఎందుకో రాయాలి. గీసేది ఒకరు, కారణం చెప్పేది రెండోవారు. ‘ఆయ్’ అంటే చెల్లదు. సిలబస్ అక్కడే ఉంటే ఈ ముగ్గులేమిటని నాకు ఒళ్లు మండింది. ఆవిడ నవ్వి, "ఓసారొచ్చి చూడండి మాస్టారూ" అన్నారు.

వెళ్లాను. ఆ వేళ విషయం, నూతినీళ్లు ఎందుకు ఉప్పెక్కుతున్నాయని. వెనక బెంచీలో, సముద్రపొడ్డునున్న ఓడలరేవు నుంచి బస్సులో వచ్చే పిల్ల ఉంది. క్లాసులో నోరు విప్పదు. సైన్స్ ఎగ్జిబిషన్‌కి పంపే జాబితాలోంచి ముందురోజే నేను ఆమె పేరు కొట్టేశాను.

జంటపిల్ల ‘సముద్రం’ నుంచి ‘ఉప్పునీరు’కి బాణం గీసి, "దగ్గర కాబట్టి అని చెప్పవే" అంది. అది నేను చెప్పిన పాఠమే. ఓడలరేవు పిల్ల ఆ బాణం చెరిపేసింది.

"కాదే. మా నుయ్యి సముద్రానికింకా దగ్గర, తియ్యగానే ఉంటాది. ఇసకలో తియ్యనీళ్లు పైనుంటాయి, ఉప్పువి కిందుంటాయి. రొయ్యల చెరువులోళ్లు మోటార్లెట్టి పైవి తోడేసేరు, కిందవి పైకొచ్చేసినాయి. ఆ చెరువుల పక్క నుయ్యి అలాగే పోయింది."

గొంతు వింటున్నానే గానీ మాట వినలేదు. కొట్టేసిన పేరే కళ్ల ముందు మెదులుతోంది.

"అర్థమైందాండీ మాస్టారూ?" అంది నా వైపు తిరిగి.

"ఆయ్" అన్నాను.

ఆ పిల్ల పెన్సిలు పట్టుకుంది. "అయితే చెప్పండి, నేను గీస్తాను."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ మేడం గారికి మనసులోనే దండం పెట్టి, బెంచీ మీద ఆ పిల్లల పక్కన కూర్చుని, "మళ్లీ చెప్పమ్మా" అన్నాను.

నేను రెండోసారి విని కారణం చెప్పాకే ఆ పిల్ల బాణం గీసింది. స్టాఫ్ రూముకొచ్చి, ఆ పేరు జాబితాలో అన్నిటికన్నా పైన రాశాను.