ఉప్పునీళ్లు గడ్డకట్టవండి

దక్షిణామూర్తి మాస్టారికి సైన్సు కంఠతా వచ్చు. ఇరవై రెండేళ్లుగా అదే పాఠం, అదే ధీమా. భీమవరం పక్కనున్న ఆ పల్లె బడిలో ఆయన మాటకు ఎదురులేదు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోతే మనిషికి తెలియనిది కూడా తెలిసినట్టే ఉంటుంది, ఏం చేస్తాం!

తొంభై ఎనిమిదిలో ఓ రోజు తొమ్మిదో తరగతికి భూమి పొరలు చెబుతున్నారు. లోపల ఇనుము కరిగి ఉందనీ, అంత ఒత్తిడిలో ఇనుము కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడీ అక్కడ ఉన్నట్టేననీ చెప్పి, బోర్డు మీద అంకె రాసి కింద రెండు గీతలు గీశారు.

వెనక బెంచీలోంచి బేబీ లేచింది. వాళ్ల నాన్న గంగాధర్ ఐసు ఫ్యాక్టరీలో పనివాడు, అమ్మ లోవలక్ష్మి చేపలమ్ముతుంది.

“మాస్టారండీ, మా నాన్న ఫ్యాక్టరీలో పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లుంటాయండి. అందులో ముంచిన డబ్బాల్లో మంచినీళ్లు గడ్డకడతాయి గానీ, ఆ ఉప్పునీళ్లు గడ్డకట్టవండి. ఇనుములోనూ ఏదన్నా కలిస్తే, అంత వేడి లేకపోయినా కరిగే ఉంటదేమోనండి?”

జవాబు తెలియక మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. “భూగోళమంటే మీ నాన్న ఐసు ఫ్యాక్టరీ అనుకున్నావేంటే? నీ సైన్సు మీ అమ్మ చేపల బుట్ట దగ్గర చెప్పుకో, పో!”

క్లాసంతా గొల్లుమంది. మర్నాటి నుంచి బేబీ రాలేదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతోందని పిల్లలు చెప్పారు. మాస్టారు విననట్టే హాజరు పిలిచారు.

ఇరవై రోజులకు రాజమండ్రిలో టీచర్ల ట్రైనింగు. పాఠం చెప్పడానికొచ్చినాయన అన్నాడు: “భూమి లోపలున్నది ఒట్టి ఇనుము కాదండి. గంధకం, ఆక్సిజన్, సిలికాన్ లాంటి తేలిక మూలకాలేవో కలిసున్నాయి. అలా కలిస్తే ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. అందుకని అక్కడి వేడి లెక్క వందల డిగ్రీలు తగ్గించుకోవాలి.”

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఛీ, పద్నాలుగేళ్ల పిల్ల మీదా నా ప్రతాపం, అనుకున్నారు. బస్సు దిగి నేరుగా లోవలక్ష్మి ఇంటికెళ్లారు.

“తప్పు నాదమ్మా. పిల్లని బడికి పంపు.”

“అయ్యబాబోయ్, మీరంత మాటనకండి! మా పిల్లకే నోరెక్కువండి. నాలుగు తగిలించానండి. ఇంక మాట్లాడదండి,” అంటూ లోవలక్ష్మి చాప దులిపి వేసింది. మాస్టారు దాని మీద కూర్చోలేకపోయారు.

సోమవారం బేబీ వచ్చింది. మాస్టారు అందరి ముందూ ఆ అంకె మళ్లీ రాసి, కొట్టేశారు. “బేబీ చెప్పిందే నిజంరా. నాకు తెలీక ఎగతాళి చేశాను. సిగ్గుగా ఉంది,” అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఆ ఉప్పునీళ్ల సంగతి మళ్లీ చెప్పమ్మా,” అని బతిమాలారు.

బేబీ చేతులు కట్టుకుని లేచి నిలబడింది.

“నాకేం తెలీదండి.”