ఎరుపు కనబడని కళ్లు

మా అక్క మదనపల్లె టమోటా మండీలో కాయలు ఏరేది. పండ్లు ఒక క్రేటులోకి, దోరకాయలు ఇంకో క్రేటులోకి. టీబీ అని తేలి మాత్రలు మొదలుపెట్టాక, దగ్గు తగ్గి ఒళ్లు తేరుకుని మళ్లీ పనికి వెళ్లింది.

కొన్నాళ్లకే మండీ యజమాని అందరి ముందూ అరిచాడు. "ఏమ్మా, పండ్లల్లో పచ్చికాయలు ఏస్తాండావు, కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

అక్క మా ఇంటికొచ్చి నాతో మెల్లగా చెప్పింది. "అన్నీ ఒగే మాదిరి మట్టిరంగుగా కనపడతాండాయి మే. యాలనో తెలీలే."

మాత్రలిచ్చే చోట అడిగాను. "టీబీకీ కండ్లకీ ఏం సంబంధమమ్మా? నీరసం. బాగా తినమను" అని తలెత్తకుండానే పంపేశారు. నేనుండే పుంగనూరులో కళ్లద్దాల షాపుకు తీసుకెళితే వాడు అద్దాలు అంటగట్టాడు. అవి పెట్టుకున్నా టమోటా ఎర్రబడలేదు. నెల తిరిగేసరికి అక్క బస్సు బోర్డు చదవలేకపోయింది. ఎదురుగా కూర్చున్న నా మొహం కూడా మసకగా ఉందంది.

కుప్పంలో మంచి కంటి డాక్టరమ్మ ఉందంటే పలమనేరు మీదుగా వెళ్లాం. ఆమె మొదట అడిగిందే, "ఏమేం మాత్రలు మింగుతాండావమ్మా?" అని. సంచీలోంచి తీసి చూపించాం.

"వీటిలో ఒకటి కొందరికి కంటి నరాన్ని దెబ్బ తీస్తుంది. రంగులు తేడాగా కనిపించినప్పుడే చెప్పాల్సింది."

"చెప్పినాం మేడం! యినినోళ్లు యాడుండారు?" నా గొంతు లేచింది.

ఆమె ఆ మాత్రలు రాసిన మదనపల్లె డాక్టరుకు ఫోన్ చేసి ఆ ఒక్క మందూ మార్పించింది. మిగతావి మాత్రం మానొద్దని అక్కకు గట్టిగా చెప్పింది.

తిరిగొచ్చి మాత్రలిచ్చే చోట నిలదీశాను. "అందరికీ రాదు కదమ్మా. ముందే చెప్తే భయపడి మందులు మానేస్తారు" అన్నారు.

భయపడతారని దాచడమేంటి? దగ్గుకు భయపడకుండా వచ్చి మందు అడిగిన మనిషి మా అక్క. రంగులు మారితే వెంటనే రమ్మని ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది? నేనింకా అరిచేదాన్నే. అక్క చెయ్యి పట్టుకుని లాగింది. "ఇంగ సాలు, పోదాం పా."

టీబీ నయమైంది. చూపు నెమ్మదిగా వచ్చింది, చాలావరకు. మండీ వాళ్లు మాత్రం మళ్లీ పనికి పిలవలేదు. ఇప్పుడు హార్స్లీ హిల్స్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతోంది. చీర కొనేటప్పుడు రంగు చెప్పడానికి నన్ను వెంట తీసుకెళుతుంది. షాపువాళ్ల ముందు నేను "ఇది ఎరుపక్కా" అని చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది.