స్పీకరు మీద బొట్టు

మా అక్క మొగుడిది దొడ్డబళ్ళాపురం. బావ నలభై ఏళ్లు మగ్గం నేసినవాడు. ఆయుధపూజ నాడు మగ్గంలో ఏ ఒక్క భాగం బొట్టు లేకుండా మిగిలిపోయినా ఆయనకు మనసు ఊరుకోదు. మొన్న దసరాకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటికి వచ్చి మిక్సీకి, కుట్టుమిషనుకు, చివరికి హాల్లో స్పీకర్లకు కూడా గంధం, కుంకుమ పెట్టాడు. ముందున్న జాలీ ఊడదీసి మరీ పెట్టాడు. ఎడమ స్పీకరు మధ్యలో బోర్లించిన చిన్న గిన్నెలా ఉండే నల్ల మూత ఆయన బొటనవేలి కింద సొట్టపోయింది.

మా ఇంట్లో ప్రతి శనివారం పారాయణం. బావ చదువుతాడు, నేను అర్థం చెబుతాను. వయసుతో ఆయన గొంతు సన్నబడింది, అందుకే మైకు. స్పీకర్లను నడిపే పాత రిసీవరు పాడైతే పండుగకు ముందే కొత్తది నేనే ఎంచి కొన్నాను. స్పీకర్లు మాత్రం మా నాన్నవి. మార్చబుద్ధి కాలేదు.

దసరా తర్వాతి శనివారం జనం ఎక్కువ. వెనకవాళ్లకు వినబడటం లేదంటే సౌండు పెంచాను. బావ మూడో శ్లోకంలో ఉండగా టక్కున ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ ఆగింది. మూడోసారి నాకు ఒళ్లు మండింది.

“బావా, నీ బొటనవేలి మహిమ చూడప్పా! దేవుడి మాటకే బొట్టు పెట్టి నోరు మూయించినావు.”

అందరూ నవ్వారు. “నయం, మన నోటికి పెట్టలేదు!” అంది వెనక నుంచి ఒకామె. బావ కూడా నవ్వబోయి, ఆగి, పుస్తకం మూశాడు.

మరదలు బావను ఆటపట్టించడం మా ఇళ్లలో మామూలే. అది వంటింట్లో. వ్యాసపీఠం ముందు కూర్చున్న మనిషిని కాదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తర్వాతి శనివారం ఆయన రాలేదు. ఆ వారంలోనే మెకానిక్కు వచ్చి చూశాడు.

“సొట్టతో ఏ ఇబ్బందీ లేదు మేడం. టేపు అంటించి లాగితే వచ్చేస్తాది. రాకపోయినా పాడతాది. ఈ స్పీకర్లు నాలుగు ఓములవి, మీ రిసీవరేమో ఎనిమిదికి చేసింది. సౌండు పెంచితే తట్టుకోలేక ఆగిపోతా ఉండాది. రెండిటి వెనకా రాసుండాది కదా, కొనేటప్పుడు చూసుకోలేదా?”

చూసుకోలేదు. శ్లోకంలో ఒక్క అక్షరం జారితే పట్టుకునే నేను, పెట్టె వెనక ఉన్న అంకె చదవలేదు.

బావకు ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను.

“సరేలేమ్మా. నలుగురిలో అన్నావు కదా, ఆ నలుగురిలోనే చెప్పు. వస్తా,” అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

రిసీవరు మార్చాను. ఇప్పుడు సౌండు ఎంత పెంచినా ఆగదు. బావ చోట వేరొకాయన చదువుతున్నాడు, గబగబా. జరిగింది భగవంతుడికి రోజూ విన్నవించుకుంటున్నాను. కానీ దేవుడి ముందు చెప్పుకోవడం తేలిక. ఆయన నవ్వడు.

మొన్న శనివారం పరుషవాక్కు ఎంత పాపమో అరగంట చెప్పాను. చివర్లో అసలు మాట చెప్పేద్దామని మైకు దగ్గరికి జరుపుకున్నాను. ముందు వరసలో ఒకామె స్పీకరు వైపు వేలు చూపించి, “మీ బావగారు బొట్టు పెట్టి నోరు మూయించింది దీనికేనా?” అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.