తాగలేదు, షుగరు పడిపోయింది
ఇన్సులిన్ మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లయింది. పొద్దున సూది వేసుకున్నాక అరగంటలోపు తినాలన్నది నాకు తెలియని సంగతేం కాదు. హైస్కూల్లో సైన్సు మాస్టారిని. షుగరు ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడిపోతుందో ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. అయినా ఆ రోజు తినకుండానే బయల్దేరాను.

పదో తరగతి పరీక్షల మొదటి రోజు. నాకు డ్యూటీ పడిన ఊరు, నరసరావుపేటలోని మా ఇంటి నుంచి బండి మీద ముప్పావుగంట దూరం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. సూది వేసుకుని ఇడ్లీల ముందు కూర్చున్నానో లేదో, ప్రశ్నపత్రాలు వచ్చేశాయి, త్వరగా రమ్మని సెంటర్ నుంచి ఫోను. ఇడ్లీలు డబ్బాలో పెట్టమన్నాను.

"దారిలో ఆగైనా తినండి. అక్కడికి పోయాక మీకు గుర్తుండదు" అంది నా భార్య.

సరేనన్నాను. ఆగలేదు.

నాకు గుర్తున్నది కొంచెమే. రోడ్డు పక్క కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ముక్కుకు తగలడం, హ్యాండిల్ మీద చేతులు చెమటకు జారడం, ఎండ ఇంకా ఎక్కలేదు కదా, ఈ చెమటేంటి అనుకోవడం. ఆ తర్వాత ఏమీ లేదు. మిగిలిందంతా నాకు ఇద్దరు మనుషులు చెప్పారు. కొంత ఎవరో ఫోనులో తీసిన చిన్న వీడియోలో చూశాను.

ఆ వీడియోలో నా బండి రోడ్డు మధ్యలో పడి ఉంది. నేను దాని పక్కన ఊగుతూ నిలబడి ఉన్నాను. చొక్కా ఒకవైపు బయటికి వచ్చింది. పరీక్షా కేంద్రం బందోబస్తుకు వచ్చిన యువ కానిస్టేబుల్ ఒకడు నా చెయ్యి పట్టుకుని, "పొద్దున్నే ఎంత తాగావురా?" అంటున్నాడు. నేనేదో గొణుగుతున్నాను, ఒక్క మాటా అర్థం కాదు. ఉన్నట్టుండి అతని రొమ్ము మీద చెయ్యి వేసి తోశాను. అతని టోపీ కింద పడింది. అతను లాఠీతో నా తొడ మీద ఒకటి వేశాడు. నేను కదల్లేదు, అరవలేదు. రెండోది వేశాడు. అప్పుడూ అంతే. దెబ్బ తగిలిన మనిషిలా లేను. వీడియో అక్కడితో ఆగిపోతుంది.

తర్వాతది ఆ కానిస్టేబులే చెప్పాడు. నా బండి అడ్డంగా పడి ఉండటంతో మిరపకాయ కోతకు వెళ్తున్న కూలీల ఆటో ఆగిపోయింది. అందులోంచి యాభై ఏళ్లు దాటిన ఒకామె దిగి, నెత్తికి తువ్వాలు చుట్టుకుంటూనే వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"కొట్టమాక సారూ. ఆయన తాగలా."

"నీకెట్టా తెలుసు? పక్కకి పో."

"వాసన చూడు. వస్తందా? మెడ మీద చెయ్యి పెట్టి చూడు, ఎంత చల్లగా ఉందో. షుగరు పడిపోయింది."

అతను చెయ్యి పెట్టి చూశాడు. అంత చల్లటి చెమట తానెప్పుడూ చూడలేదని నాతో తర్వాత అన్నాడు. ఆమె నన్ను రోడ్డు పక్క అరుగు మీద కూర్చోబెట్టి, "మింగగలడు. తియ్యటిదేదన్నా పట్రా, బేగిరం" అంది. ఎదురు కొట్టుకు పరిగెత్తి కూల్‌డ్రింకు సీసా తెచ్చింది అతనే. ఆమె నా గడ్డం పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించింది. ఈలోగా ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ మిగతావాళ్లతో వెళ్లిపోయాడు. ఆమె తలెత్తి కూడా చూడలేదట.

లోకం నాకు మళ్లీ కనిపించడం మొదలైంది ఆమె చేతితోనే. మిరప కోతకు ఎర్రబారిన వేళ్లు, వాటిలో సీసా, ఆ వెనక తువ్వాలు చుట్టుకున్న ముఖం. ఎవరో తెలియదు.

"పరీక్ష మొదలైందా?" అని అడిగాను.

"నీకేం పరీక్ష?" అన్నాడు కానిస్టేబుల్. నా జేబుకున్న డ్యూటీ కార్డు అప్పుడు చూశాడు. చూసి, నా పక్కనే అరుగు మీద కూలబడ్డాడు.

ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అతనే. గ్లూకోజు ఎక్కుతున్నంతసేపూ స్టూలు మీద కూర్చున్నాడు. పరీక్షా కేంద్రానికి ఫోను చేసి సారుకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. నా భార్యకు చేసి, "కంగారు పడమాక అక్కా, మాట్లాడుతున్నారు" అని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. ఆ తర్వాత నా సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచాడు. ఇడ్లీలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తూ, "సార్, కొట్టింది నేనే" అన్నాడు. నాకు అప్పటిదాకా తెలియదు. తొడ ఎందుకు నొస్తోందా అనుకుంటున్నాను.

కోపం రాలేదని అనను. ఇంటికి వచ్చి అద్దంలో ఆ కమిలిన చారలు చూసుకున్నప్పుడు వచ్చింది. వీడియో చూసినప్పుడు ఇంకా వచ్చింది. నాకు చదువు, ఉద్యోగం, జేబుకో కార్డు ఉన్నాయి. అవేవీ లేనివాడైతే? తోటి మాస్టార్లు కంప్లయింటు ఇవ్వమన్నారు. వాళ్లలో ఒకాయన ఫోనులో విదేశాల వార్త ఒకటి చూపించాడు. షుగరు పడిపోయి కారులోంచి దిగలేకపోయిన మనిషి మాట వినడం లేదని, పోలీసులు కరెంటు షాకిచ్చే తుపాకీ పేల్చారు. మనిషి కొయ్యలా బిగుసుకుని కింద పడ్డాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నా ఎదురుగా నిలబడ్డ కుర్రవాడి చేతిలో అదే ఉంటే, ఆమె ఆటో దిగేలోపే అంతా అయిపోయేది.

జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఎస్సై రెండుసార్లు చదివాడు. "మావాళ్లకు ఇవి ఎవరూ చెప్పలేదు మాస్టారూ. చెప్పాల్సింది. మీరు వచ్చి చెబుతారా?" అన్నాడు. చెబుతానన్నాను. కానీ ముందు నాకు ఆమెను చూడాలనిపించింది.

ఆమె ఏ ఊరి ఆటోలో వచ్చిందో కనుక్కున్నది కానిస్టేబులే. పరీక్షలు అయ్యాక ఒక సాయంత్రం నేనూ నా భార్యా వెళ్లాం. మిరప చేలో వంగి కోస్తోంది. నన్ను చూసి నడుం నిటారుగా చేసుకుని, ముందుగా అడిగిన మాట, "తిని వచ్చావా అయ్యా?"

తిన్నానని నా భార్య చెప్పింది. గట్టు మీద కూర్చున్నాం. నీకెలా తెలిసిందని అడిగాను.

"మాయనకి షుగరు ఉండేది. పడిపోయినప్పుడల్లా ఒళ్లు ఇట్టాగే చల్లబడేది, తియ్యటిది పట్టేదాన్ని" అంది. "సంతకు పోయినోడు బ్రాందీ కొట్టు కాడ పడిపోయాడు. ఆయన్ని ఎవరూ కొట్టలా. ముట్టుకోను కూడా ముట్టుకోలా. తాగి పడ్డాడులే అని దాటుకుంటా పోయారు. నాకు తెలిసి పోయేసరికి అయిపోయింది. జన్మలో చుక్క ముట్టనోడు."

నా భార్య ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ సారు నిన్ను కొడతంటే దిగకుండా ఎట్టా కూచోను?" అంది ఆమె.

స్టేషన్‌కు ఆమెను కూడా రమ్మన్నాను. స్టేషనా, నేను రాను అంది మొదట. మళ్లీ ఆమే, నిన్ను కొట్టిన పిల్లోడు ఉంటాడా అని అడిగి, వచ్చింది. స్టేషన్ వెనక వరండాలో పదిహేను మంది దాకా కూర్చున్నారు. నేను సైన్సు మాస్టారులా చెప్పుకుంటూ పోయాను. ఫిట్స్ వచ్చి తేరుకుంటున్నవాడు, షుగరు పడిపోయినవాడు కావాలని ఎదురు తిరగడు, వాడికి మీరు చెప్పేది అర్థం కాదు అన్నాను. వాళ్లు మర్యాదగా విన్నారు. తర్వాత ఆమె లేచి, తన భర్త సంగతి నాకు చెప్పినట్టే చెప్పింది. చివర, "కొట్టేముందు ఒక్కసారి మెడ మీద చెయ్యి పెట్టండయ్యా. చల్లగా ఉంటే తియ్యటిది పట్టండి. మింగలేకపోతే నోట్లో ఏం పొయ్యమాకండి, అంబులెన్సుకి ఫోను చెయ్యండి" అని కూర్చుంది.

వాళ్లు రాసుకున్నది ఆమె మాటలే. నన్ను కొట్టిన కుర్రవాడు కూడా రాసుకున్నాడు.

ఆ ఆదివారం మా చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. దేవునికి స్తోత్రం చెప్పి, ఆటో దిగిన ఆమె గురించి చెప్పాను. కూల్‌డ్రింకు కోసం పరిగెత్తినవాడి గురించీ చెప్పాను. వాడు కొట్టిన సంగతి దాచలేదు. ఆపమంటే ఆగాడని, నేనే కొట్టానని తనంతట తాను ఒప్పుకున్నాడని కూడా చెప్పాను. ఆ రెండూ అందరికీ చేతనయ్యే పనులు కావు.

మొన్న ఎండల్లో అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బస్టాండులో ఒక ముసలాయన ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చేతులు విసురుతున్నాడట. జనం తాగుబోతన్నారట.

"చెయ్యి పెట్టి చూశా సార్. చల్లగా ఉంది" అన్నాడు. "జీపులో గ్లూకోజు ప్యాకెట్టు ఉంది, కలిపి పట్టా. ఇప్పుడు కూచుని వాళ్ల కోడలు నంబరు చెబుతున్నాడు."

ఆమెకు చెప్పావా అని అడిగాను.

"ముందు ఆమెకే చేశా సార్" అన్నాడు.