హారిక భుజానికి సూదులు వేయించిన రోజు

ముసునూరులో ఆటో ఎక్కేసరికి ఆరున్నర. మా అమ్మాయి హారిక కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటర్ రెండో ఏడు, జావెలిన్ విసురుతుంది. ఆదివారం రాష్ట్ర జట్టు సెలక్షన్లు. భుజం నొప్పికి విజయవాడలో డ్రై నీడ్లింగ్ చేస్తారని కోచ్ చెబితే బయల్దేరాం.

నూజివీడు బస్టాండులో ఇడ్లీ తిన్నాం. ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరుగుతాయని క్లినిక్ వాళ్ళు ఫోన్లోనే చెప్పారు. వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి. ఏడుంబావుకి ఆగిరిపల్లి మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి హారికకు ఆధార్ చూపిస్తే సరిపోయింది. “మీరు మాత్రం టిక్కెట్టు తియ్యాలండీ బాబాయ్,” అన్నాడు కండక్టర్.

వెనక సీట్లో ఒకావిడ మామిడి రసాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని మా మాటలు వింటోంది.

“మందు లేకుండా ఉత్త సూదేంటమ్మా?”

“కండ ముడిపడ్డచోట గుచ్చుతారంటండీ. వదులవుద్దంట,” అంది హారిక.

“మా ఆయన మొహం కూడా ముడిపడే ఉంటది. వేస్తారేమో అడిగి రా.”

చాలా రోజుల తర్వాత హారిక నవ్వింది.

దారి పొడవునా తోటల్లో కోతలు జరుగుతున్నాయి. నేను కిటికీలోంచి చూడలేకపోయాను. నెల కిందట మా తోటలో కాయ కోతకొచ్చింది. మబ్బు పట్టింది, కూలీలు రాలేదు, వ్యాపారి లారీతో వచ్చి నిలబడ్డాడు. “జావెలిన్ విసిరే చెయ్యండీ, దీనికిదో లెక్కా?” అని ఆయన ముందు గొప్పగా చెప్పి, చిక్కం కట్టిన వెదురు గడ హారిక చేతికిచ్చాను. సాయంత్రం చిటారు కొమ్మన కాయ లాగుతుంటే తన భుజంలో టప్పుమంది. చెయ్యి వాలిపోయింది. “కోత అయ్యాక చూపిద్దాంలే అమ్మా,” అన్నాను. మర్నాడు మళ్ళీ గడ అందించాను. తను అందుకుంది.

క్లినిక్ బెంజి సర్కిల్ అవతల సందులో, మేడ మీద. పది గంటలకు పిలిచారు. ఫిజియోథెరపిస్టు చిన్న వయసావిడే. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, “ఎప్పుడైనా ఒక్కసారిగా పట్టేసిందా?” అని అడిగింది.

“లేదండీ. ప్రాక్టీసు ఎక్కువైంది, అంతే,” అంది హారిక, నా వైపు చూడకుండా.

“అయితే ఫర్వాలేదు. రెండు రోజులు ఆగి, మెల్లగా విసిరి చూడొచ్చు.”

నేను ఊరుకున్నాను. వెంట్రుకంత సన్నని సూదులు రెక్క ఎముక మీద కండలోకి దిగుతుంటే లోపల కండ ఎగిరెగిరి పడింది. అంతా అయ్యాక హారిక చెయ్యి మెల్లగా ఎత్తింది. అది చెవి దాటి పైకి వెళ్ళింది. తన మొహం విప్పారింది.

అప్పుడు చెప్పాను. గడ, టప్పుమన్న చప్పుడు, మర్నాడు మళ్ళీ గడ ఇచ్చిన సంగతి, అంతా.

ఆవిడ హారిక చెయ్యి ముందుకు చాపించి పైనుంచి అదిమింది. చెయ్యి దిగిపోయింది. “ఇందాక చెయ్యి నిలవకపోతే నొప్పివల్ల అనుకున్నాను. ఇప్పుడు నొప్పి లేకపోయినా ఆగట్లేదు. లోపల తెగిందేమో స్కాన్ తీయించండి. సూది ముడిని విప్పుతుందండీ, తెగినదాన్ని అతకదు. నొప్పి తెలియదు కాబట్టి ఇంకా గట్టిగా విసురుతుంది. ఆదివారం మాత్రం వద్దు.”

మెట్ల మీద హారిక ఆగింది. “ఎందుకు చెప్పావు నాన్నా?”

“చెప్పకపోతే ఎలాగమ్మా?”

“చెప్పాల్సింది ఆ రోజు, ఆ వ్యాపారికి. కోత ఆపమని.”

స్కాన్‌కి మర్నాడు రమ్మన్నారు. బస్టాండులో భోజనం కొన్నాం గానీ తను ముట్టలేదు. రెండున్నర బస్సు ఎక్కాక కోచ్ ఫోన్ చేశాడు. హారిక ఫోన్ నాకిచ్చింది. “నువ్వే చెప్పు.” చెప్పాను. “గడ ఇచ్చే ముందు నన్నొక్కమాట అడగాల్సిందండీ,” అని పెట్టేశాడు.

డ్రై నీడ్లింగ్ పనిచెయ్యదని ఎవరైనా అంటే నమ్మకండి. నొప్పి నిజంగానే తగ్గుతుంది. అయితే ఆ బల్ల మీద పడుకునే ముందే జరిగిందంతా చెప్పండి. నేనేమో వాళ్ళు సూదులు తీసేశాక చెప్పాను. అలా కాసేపు ఆశపెట్టి మరీ లాగేసుకున్నాను.

ఆగిరిపల్లి దాటాక హారిక లేచి ముందు సీట్లోకి వెళ్ళింది. వెళ్తూ, బస్సు ఊగితే, కుడిచేత్తో పైనున్న కడ్డీ పట్టుకుంది. ఏమాత్రం బాధ లేకుండా అందింది. ఒక్కక్షణం ఆ చేతినే చూసుకుని, వదిలేసి కూర్చుంది.