ఇంజనుకు కట్టిన వాసెన

మేము సముద్రం ఒడ్డున దిగేటప్పటికి మధ్యాహ్నం మూడయింది. అరవై అయిదో సంవత్సరం సెప్టెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తోంది. శ్రీహరికోటకు ఉత్తరంగా ఒక సరుగుడు తోపు. తోపులో మూడు గుడారాలు, ఇసక బస్తాల గోడ, ఒక వైర్‌లెస్ సెట్టు. మనుషులం పద్నాలుగు మందిమి. తూర్పుగాలి ఇసకను తెచ్చి మొహాన కొడుతోంది. కొడవలూరులో మా ఇల్లు అక్కడికి అరవై మైళ్ళు కూడా ఉండదు. పోవడానికి ఆర్డరు లేదు.

ఉన్న ఆర్డర్లు ఇవి. సముద్రం మీద కన్ను తియ్యకూడదు. కొత్త మనిషి కనబడితే ఆపాలి. పొద్దున అయిదున్నరకు, సాయంత్రం నాలుగుకు లారీలో ఒడ్డు వెంట ఏటిమూతి దాకా పోయి రావాలి. పోను పదకొండు మైళ్ళు, రాను పదకొండు. ఆ లారీకి డ్రైవర్ని నేను.

అది విదేశం నుంచి వచ్చిన లారీ. దానికి టర్బో ఉండేది. పొగ బయటికి పోయే దారిలో నత్తగుల్ల ఆకారంలో ఒక ఇనప డొల్ల, దాని లోపల ఒక చక్రం. పొగ తోసే బలానికి చక్రం తిరిగి ఇంజనులోకి గాలి దట్టిస్తుంది. ఇసక దిబ్బ ఎక్కేటప్పుడు అది ఈల వేసేది. కాలి ఎర్రబడేది. నా వెనక తొట్టిలో నాలుగు పీపాల డీజిల్, తూటాల పెట్టెలు. ఆ ఈల వినబడితే నా వీపు బిగుసుకునేది.

భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. పారాచూట్ల మీద మనుషులు దిగుతున్నారని పుకారు. రెండో రోజు కొంగల గుంపు వాలుతుంటే సెంట్రీ తుపాకి ఎత్తాడు. ఎవరూ నవ్వలేదు.

మూడో రోజు గాలి మరీ ముదిరింది. అన్నంలో ఇసక, కంట్లో ఇసక. లారీ కింద దూరి చూస్తే ఇంజను పక్క నుంచి ఒక గొట్టం కిందికి వేలాడుతోంది, మూతి తెరిచి. మా వైపు ఇళ్ళల్లో మూతి తెరిచినదేదీ గాలికి వదలరు. నీళ్ళ కుండకైనా, ఉప్పుచేపల కుండకైనా గుడ్డ వేసి దారంతో బిగిస్తారు. దాన్ని వాసెన అంటారు. నేనూ పాత లుంగీ ముక్క చించి ఆ గొట్టానికి వాసెన కట్టాను. లారీ మీద చేసిన ప్రతి పనీ బుక్కులో ఎక్కాలి. అప్పటికి నాకు సంతకం తప్ప అక్షరం రాదు. వైర్‌లెస్ అతనికి చెప్పి రాయించుకోవాలి. గుడ్డ కట్టడం కూడా ఒక పనా అనుకున్నాను. చెప్పలేదు.

ఆరో రోజుకు లారీ నీలం పొగ వదలడం మొదలెట్టింది. ఇంజనాయిలు రెండు వేళ్ళ మందం తగ్గింది. టర్బో అతుకు దగ్గర చుక్కలు చుక్కలుగా కారి కాలే గొట్టం మీద పడుతోంది. ఎనిమిదో రోజు పొద్దున ఏటిమూతి దగ్గర మంట లేచింది. బానెట్ ఎత్తి రెండు చేతులా ఇసక పోశాను. కనుబొమ్మలు కాలాయి. వెనక పీపాలు గుర్తుకొచ్చి, మంట ఆరిపోయాక కూడా ఇసక పోస్తూనే ఉన్నాను.

మా మెకానిక్ నెల్లూరు టౌనువాడు. సాయిబుల పిల్లగాడు, కుట్టుమిషన్లు బాగుచేసే ఇంట పుట్టినవాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు. ఆ రోజు ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టాడు.

"ముగ్గుపిండి కావాలన్నా. పాలెంలో అడిగి తెస్తావా?"

"దేనికి తమ్ముడా?"

"ఇంజను మీద చల్లతా. కారే చోట తడిసి నల్లబడద్ది. మిగతాదంతా తెల్లంగా ఉంటాది. దొంగ యాడుండాడో అదే చెప్తాది."

తోపు పక్కన జాలర్ల పాలెంలో ఒకామె చేటలో పిండి పోసింది. "ఏందన్నా, యుద్ధానికి ముగ్గులేసి పిలస్తా ఉండారా?" అంది.

పిండి చల్లి ఇంజను నడిపాము. పైమూత తెల్లగానే ఉంది. ఫిల్టరు తెల్లగానే ఉంది. గొట్టాల అతుకులన్నీ తెల్లగానే ఉన్నాయి. ఇరవై నిమిషాలకు టర్బో కింద ఒక్కచోట మాత్రం నల్లబడింది. మెకానిక్ టర్బో విప్పాడు. లోపలి రింగులు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు.

"సామాను బంగారంగా ఉండాదన్నా. అయినా ఎందుకు కక్కతా ఉండాదో."

మళ్ళీ బిగించాడు. మళ్ళీ కారింది. తొమ్మిదో రోజంతా అదే పని.

మంట సంగతి వైర్‌లెస్‌లో పోయింది. పదో రోజు పొద్దున పదిన్నరకు కెప్టెన్ జీపులో వచ్చాడు. ఉత్తరాది మనిషి. లారీ ముందు చూశాడు. తర్వాత మనుషుల జాబితా అడిగాడు. మెకానిక్ పేరు దగ్గర వేలు ఆగడం నేను చూశాను.

అప్పుడు మెకానిక్ నా పక్కనే ఉన్నాడు. నడుస్తున్న ఇంజనుకు ఆయిలు పోసే మూత వదులు చేశాడు. మూత ఎగిరి పడింది. లోపలి నుంచి వేడిగాలి బుస్సున కొట్టింది.

"దీని కడుపు ఉబ్బిందన్నా. లోపలి గాలి బయటికి పోయే దారి ఒకటుంటాది. అది మూసుకుంటే నూనె కిందికి దిగదు, టర్బోలోంచి ఎగదన్నుద్ది. ఆ దారి చూడాల."

చూడనివ్వలేదు. మాకు పైవాడైన హవల్దార్ వచ్చి, "మెకానిక్, సాబ్ పిలస్తా ఉండాడు" అని తీసుకుపోయాడు.

ఆ దారి నేను గుడ్డ కట్టిన గొట్టమేనని అప్పుడు తెలిసింది. ఇంజను ఆపి లారీ కింద దూరాను. లుంగీ ముక్క నూనె, ఇసక, ఉప్పు కలిసి రాయిలా గట్టిపడి ఉంది. చూస్తే మట్టిబెడ్డ అనుకుంటారు. కత్తితో దారం కోసి లాగాను. కెప్టెన్ కూచున్న గుడారం ఇరవై అడుగుల దూరం. పోయి చెప్పొచ్చు. యుద్ధకాలంలో బండి చెడగొట్టినవాణ్ణి గోడకు నిలబెట్టి కాలుస్తారని మాలో చెప్పుకునేవాళ్ళు. నేను ఆ గుడ్డను ఇసకలో పూడ్చాను. కారడం ఆగితే గొడవా ఆగుతుంది అనుకున్నాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టను.

గంట తర్వాత కెప్టెన్ బయటికొచ్చి ఇంజను వెయ్యమన్నాడు. కొత్తగా పిండి చల్లారు. నలభై నిమిషాలు నడిచింది. పిండి పిండిగానే ఉంది.

కెప్టెన్ హిందీలో అన్నాడు: వాడు పక్కన ఉన్నంతసేపు కారింది, వాణ్ణి తీసేసిన గంటకు బాగయింది, ఇంకా రుజువు ఏం కావాలి.

మెకానిక్ నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"లేదు" అన్నాను.

హవల్దార్ తాడు తెచ్చి అతని మణికట్లు కట్టాడు. పన్నెండున్నరకు జీపు పోయింది.

మూడున్నరకు వైర్‌లెస్ అతను నా దగ్గర కూచుని బీడీ ముట్టించాడు. "రేపు మద్రాసుకంట. మిలిటరీ కోర్టు. ఇంక ఆ పిల్లగాడి మొహం మనం చూడం" అన్నాడు.

నాలుగుకు లారీ ఎక్కాను. చెయ్యి స్విచ్చి మీద పెట్టాను. తిప్పలేకపోయాను. దిగి హవల్దార్ ముందుకు పోయాను.

"మెకానిక్ చెయ్యలేదన్నా. నేను చేసినా."

మొత్తం చెప్పాను. ఆయన చిత్తూరు మనిషి, మాట తక్కువ.

"గుడ్డ యాడ?"

తవ్వి తీశాను.

"కట్టు. కట్టి చూపించు."

కట్టాను. పిండి చల్లి ఇంజను వేశాము. ఇరవై అయిదో నిమిషానికి టర్బో కింద నల్లబడింది. హవల్దార్ వంగి వేలితో తుడిచి చూశాడు. తర్వాత నా చెంప మీద కొట్టాడు.

"నాలుగు గంటలు నోట్లో ఏం పెట్టుకోనుంటివిరా?"

వైర్‌లెస్ అతను సెట్టు ముందు కూచున్నాడు. "సార్, మెకానిక్ కాదు సార్. డ్రైవర్. అవున్సార్, గుడ్డ. గుడ్డే సార్. మా కళ్ళ ముందర కట్టి చూపించినాడు. ఓవర్." సెట్టు గురగురమంది. నన్ను అప్పుడే తీసుకుపోతారని బూట్లు బిగించుకుని నిలబడ్డాను. తీసుకుపోలేదు. తర్వాత విచారణ జరిగింది. తెలియక చేసిన తప్పని తేల్చి, తెలిశాక దాచినందుకు ఇరవై ఎనిమిది రోజులు లోపల వేశారు. తక్కువే వేశారు.

నన్ను తీసుకుపోక ముందే, నేను ఒప్పుకున్న నాలుగో రోజున, మెకానిక్ రేషన్ బండిలో వచ్చాడు, పనిముట్ల సంచి తీసుకుపోవడానికి. వేరే చోటికి బదిలీ చేశారు. విడిచిపెట్టారు గాని, ఆ మధ్యలో ఏం అడిగారో, ఎట్లా అడిగారో అతను చెప్పలేదు. మేమూ అడగలేదు.

యుద్ధం ఆగింది. డిసెంబరులో సెలవు మీద కొడవలూరు వచ్చాను. అందరూ శత్రువును చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. ఆ సముద్రంలో జాలరి పడవలు తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు ఆ గాలీ, ఆ ఎండా, చివరికి ఆ మంట కూడా నాకు సరిగా గుర్తు రావు.

ఒకటి మాత్రం పోదు. ఆ నాలుగో రోజు అతను సంచి తీసుకున్నాడు. నన్ను దాటి లారీ దగ్గరికి పోయాడు. ఇంజను నడుస్తోంది. నేను క్షమించమని అడగాలని వెనకే పోయాను. అతను వంగి లారీ కిందికి చెయ్యి చాపి, గొట్టం మూతి కింద అరచెయ్యి పెట్టాడు. లోపలి గాలి వచ్చి అతని అరచేతికి తగులుతోంది. మణికట్టు చుట్టూ తాడు ఒరిసిన గీత.

"బాగా వదలతా ఉండాది" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ చెయ్యి వణుకుతోంది. ఆపడానికి రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. రెండూ వణికాయి.