మా ఇంటి బైబిల్‌లో లేని మాట

మా తమ్ముడు చనిపోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన గొడవ ఆస్తి గురించి కాదు, బైబిల్ గురించి. ఎవరికైనా చెబితే, చావు జరిగిన ఇంట్లో ఇదేం గొడవ అనుకుంటారు. మాకు మాత్రం ఆ రోజుల్లో అంతకు మించిన విషయం లేదు.

నాయన మార్కాపురంలో బాప్టిస్టు సంఘపెద్ద. బడిపంతులుగా రిటైరైనాక ఆయన లోకమంతా చర్చే. అమ్మది రాచర్ల దగ్గర పల్లె, పుట్టుకతో ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కు. చంటిపిల్లగా ఉన్నప్పుడే ఆమెకు జ్ఞానస్నానం అయింది. అది చెల్లదని మా సంఘంవాళ్లు అన్నారని, పెళ్లికి ముందు మా చర్చి తొట్టిలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంది. జపమాల పుట్టింట్లోనే వదిలి వచ్చింది. అప్పటినుంచీ నాయన చదివిన వాక్యమే విన్నది. ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు.

తమ్ముడు పలకల లోడు లారీ నడిపేవాడు. గుడికి రావడం మానేసి చాలా కాలమైంది. తాగేవాడు. నాయనకూ వాడికీ మాటల్లేవు. గిద్దలూరు దాటాక ఘాట్ రోడ్డులో ఒక వానరోజు లారీ లోయలోకి జారింది. సమాధి దగ్గర పాస్టరుగారు బతికి ఉన్నవాళ్లం మారుమనసు పొందాలని చాలాసేపు చెప్పారు. పెట్టెలో ఉన్నవాడి గురించి ఒక్క మాట అనలేదు. నాయన తల దించుకుని విన్నాడు.

నలభై రోజుల జ్ఞాపకార్థ కూడిక అయ్యాక అమ్మ గిద్దలూరులో మా చిన్నమ్మ ఇంటికి పోయి, వాళ్ల ఆర్.సి.ఎం. బైబిల్ తెచ్చుకుంది. మా దానికన్నా లావు. మా దాంట్లో లేని పుస్తకాలు ఏడు అందులో ఉన్నాయి. వాటిలో ఒకచోట, యుద్ధంలో చచ్చిన తన మనుషుల పాపం పోవాలని ఒక సేనాని ప్రార్థన చేయించిన సంగతి ఉంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, వేలు కదిపి కదిపి అదే చదువుతుండేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆ పేజీ నాయన ముందు పెట్టింది.

"చచ్చిపోయినోళ్ల కోసం ప్రార్థన చెయ్యొచ్చని రాసుంది, సూడు."

నాయన పుస్తకం ముట్టుకోలేదు. "అది దేవుని వాక్యం కాదు. వాళ్లు కలుపుకున్నారు."

"వాళ్లు కలపలేదంట. మీరే తీసేసినారంట."

"ఎవరు చెప్పినారు నీకు?"

"మా చెల్లెలు."

"మీ చెల్లెలికి ఏం తెలుసు?" అని నాయన చెయ్యి కడుక్కున్నాడు. అన్నం సగం అట్లాగే ఉంది.

నేను కంభంలో ఉద్యోగం చేస్తున్నాను. చదువుకున్నదాన్ని కదా, అడిగి తెలుసుకుంటే తేలిపోతుందనుకున్నాను. ముందు మా పాస్టరుగారిని అడిగాను. ఆయన ఓపికగానే చెప్పారు. యూదుల హెబ్రీ లేఖనాల్లో ఆ ఏడూ లేవు. బైబిల్‌ను లాటిన్‌లోకి తర్జుమా చేసిన పాతకాలపు పండితుడే వాటిని వేరుగా చూడమన్నాడు. సంస్కరణ వచ్చి మన ప్రొటెస్టెంట్లు విడిపోయాక, దానికి జవాబుగా రోము కాథలిక్కు సంఘం సభ పెట్టి వాటికి ముద్ర వేసుకుంది.

ఆ తర్వాత గిద్దలూరు ఫాదర్‌గారి దగ్గరకు పోయాను. ఆయన టీ ఇప్పించి, అంతే ఓపికగా చెప్పారు. అపొస్తలుల కాలంలో విశ్వాసులు చదివింది గ్రీకు బైబిల్, అందులో ఇవి ఉన్నాయి. ఆఫ్రికాలో బిషప్పులు కూడి వాటిని ఏనాడో ఒప్పుకున్నారు. చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం అంటే గిట్టనివాళ్లు వాటిని పక్కన పెట్టారు.

ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఇద్దరూ పొద్దుపోయేదాకా మాట్లాడారు. మా తమ్ముడి పేరు ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు. తర్వాత నేను కూడా ఫోన్‌లో దొరికినంత చదివాను. బైబిల్‌లో ఏ పుస్తకాలు ఉండాలన్నది ఒక రోజున ఒక చోట అందరూ కూర్చుని తేల్చిన విషయం కాదని అర్థమైంది. వందల ఏళ్లు ఒక్కొక్క చోట ఒక్కొక్క వరస. ఇది అమ్మకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు కూడా.

అమ్మ గిద్దలూరు చర్చిలో ఫాదర్‌గారితో తమ్ముడి పేరున పూజ పెట్టించింది. దానికి నాయన ఏమీ అనలేదు. కానీ ఆమెకు సమాధి దగ్గరే ప్రార్థన జరగాలని ఉండేది. సమాధుల తోట మా సంఘానిది. సంఘం ఒప్పుకుంటేనే వస్తానన్నారు ఫాదర్‌గారు. పెద్దలు కూర్చున్నారు. కుదరదన్నారు. ఆ పెద్దల్లో నాయన ఒకడు.

ఆయన ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలో చింతపండు గింజలు తీస్తోంది.

"ఒప్పుకోలేదా?"

"నేనే వద్దన్నా. చచ్చినాక ఎవరూ చేసేదేం లేదు. నమ్మనిది నమ్మినానని ఎట్ల చెప్పేది?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. "అయితే ఒక్కటి చెప్పు. పిల్లోడు ఇప్పుడు యాడున్నాడు?"

నాయన చెప్పు విప్పబోయి అట్లాగే నిలబడ్డాడు. మారుమనసు పొందకుండా పోయినవాడి గురించి, ఆయన నమ్మకం ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. అది ఆయన నోట రాలేదు. గోడ పట్టుకుని లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. అమ్మ కూడా చూసింది. ఆమె లేచి పోలేదు. నేనూ పోలేదు.

ఆ తర్వాత అమ్మ ఆ లావు బైబిల్‌ను చిన్నమ్మకు ఇచ్చి పంపింది. మా బైబిల్ కూడా తెరవలేదు. ఎందుకమ్మా అంటే, "ఏది దేవుడిదో వాళ్లకే కుదర్లేదు. ఇంక నాకేం తెలుస్తది?" అన్నది. సాయంత్రం నాయన చదవడం మొదలుపెడితే ఆమె లేచి వంటింట్లోకి పోయేది. ఆయన ఖాళీ చాపకు వినిపిస్తున్నట్టు చదివేవాడు. కొన్నాళ్లకు గొంతు తగ్గించాడు, మరికొన్నాళ్లకు మనసులో చదువుకోవడం మొదలుపెట్టాడు.

రెండేళ్లు తిరగకుండానే నాయన గుండెపోటుతో పోయాడు. సంఘమంతా వచ్చింది. మంచి సాక్ష్యం ఉన్న మనిషి, ప్రభువు దగ్గరకే పోయినాడు అన్నారు. తమ్ముడి సమాధికి నాలుగు వరసల అవతల స్థలం దొరికింది.

అందరూ వెళ్లిపోయాక అమ్మను అడిగాను. "గిద్దలూరులో నాయన పేరున పూజ పెట్టిద్దామా?"

"వద్దు. ఆయనకు ఇష్టం లేని పని."

"మరి తమ్ముడికి? ఈసారి నేను పోయి పెట్టించి వస్తా."

"వానికీ వద్దులే" అన్నది. దుప్పటి కప్పుకుంటూ, "నేను పోయినాక నాకేం చేస్తావు?" అని అడిగింది.

"నీకేది కావాలంటే అది చేస్తానమ్మా."

"నాకేది కావాలో నాకు తెలిస్తే గదా" అని అటు తిరిగి పడుకుంది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఆదివారం ఏ గుడికీ పోదు. పోదామా అని నేనూ అడగడం మానేశాను.